బ్రైస్ యంగ్: కొన్న రేటు వేరు, ఇకపై పెట్టే ఖర్చు వేరు

2025 నవంబర్ 16న అట్లాంటాలో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ 448 గజాలు విసిరాడు, అంటే అతని పాసులతో జట్టు అంత దూరం ముందుకు జరిగింది. కరోలినా పాంథర్స్ చరిత్రలో ఒకే మ్యాచ్‌లో అన్ని గజాలు విసిరిన క్వార్టర్‌బ్యాక్ మరొకరు లేరు. 2011లో క్యామ్ న్యూటన్ నెలకొల్పిన 432 గజాల రికార్డు ఆ రోజుతో చెరిగిపోయింది. ఓవర్‌టైమ్‌లో 30-27తో జట్టు గెలిచింది. సరిగ్గా ఎనిమిది రోజులకు శాన్‌ఫ్రాన్సిస్కో మీద అదే కుర్రాడు రెండు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ల చేతికి చిక్కిన పాసులు) ఇచ్చాడు, జట్టు మొత్తం కలిపి 9 పాయింట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాతి ఆదివారం సొంత మైదానంలో, అప్పటికి లీగ్‌లో బలమైన జట్లలో ఒకటైన లాస్ ఏంజెలెస్ రామ్స్‌ని 31-28తో ఓడించాడు. ఆ రోజు అతను వేసిన మూడు టచ్‌డౌన్ పాసుల్లో (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) రెండు ఫోర్త్ డౌన్ అనే ఆఖరి అవకాశం మీద వచ్చినవే. అంటే, ఆ పాస్ తప్పితే బంతి ఎదుటి జట్టు చేతికి పోయే పరిస్థితి.

రెండు వారాల వ్యవధిలో జరిగిన ఈ మూడు మ్యాచ్‌లు చూస్తే పాంథర్స్ అభిమానులు ఎందుకు ఇంతగా కొట్టుకుంటున్నారో అర్థమవుతుంది. ఇతనే మా క్వార్టర్‌బ్యాక్ అని ఒక వర్గం, 2023లో ఇతన్ని తీసుకోవడమే ఘోరమైన తప్పు అని ఇంకో వర్గం. పాంథర్స్ సొంత ఊరు షార్లెట్ చుట్టుపక్కల బ్యాంకుల్లో, ఐటీలో పనిచేసే మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఈ గొడవ కొన్ని తెలుగిళ్లలోకి కూడా వచ్చేసింది. నాకు కనిపించేదేమిటంటే, ఈ వాదనలో రెండు వేర్వేరు ప్రశ్నలు ముడిపడిపోయాయి. 2023లో చేసిన బేరం మంచిదా అన్నది ఒకటి. ఇకపై ఇతనితో వెళ్లాలా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు ఏదైనా సరే, రెండో ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ ముడి విప్పకపోతే రెండు వర్గాలూ ఎన్నేళ్లు మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి ఎక్కదు.

ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. ఆ ఆట చూడనివారి కోసం కొంచెం చెప్పాలి. ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచే మొదలవుతుంది. ముందు వరసలో ఐదుగురు లైన్‌మెన్ అడ్డుగోడలా నిలబడితే, వాళ్ల వెనక నుంచి రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని బంతి వదిలేయాలి. ఆలస్యమైతే ఎదుటివాళ్లు వచ్చి కింద పడేస్తారు, దాన్నే శాక్ అంటారు. మంచి క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు ఎంత కష్టపడినా ఎక్కువ దూరం పోదు. మరి అలాంటివాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి? ఐపీఎల్‌లోలాగా వేలంలో డబ్బు గుమ్మరించి కాలేజీ కుర్రాళ్లని కొనుక్కునే పద్ధతి ఇక్కడ లేదు. ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది, అందులో జట్లు రౌండ్ తర్వాత రౌండ్ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అందరికంటే అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి ఎంపిక. ఆ ఎంపిక హక్కుల్ని మాత్రం జట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు. రాబోయే ఏళ్ల హక్కుల్ని కూడా ముందుగానే ఇచ్చేయవచ్చు. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది.

న్యూటన్ వెళ్లిపోయాక పాంథర్స్ ఏం చేశారో గుర్తు చేసుకుంటే 2023 నిర్ణయం ఆకాశంలోంచి ఊడిపడలేదని తెలుస్తుంది. 2015లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయి జట్టుని లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 50కి తీసుకెళ్లిన న్యూటన్ భుజం దెబ్బతిన్నాక 2020 మార్చిలో అతన్ని వదిలేశారు. ఆ ఏడాది టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్. 2021లో శామ్ డార్నాల్డ్ కోసం న్యూయార్క్ జెట్స్‌కి ఒక సెకండ్ రౌండ్ హక్కు, ఇంకో రెండు చిన్న హక్కులు ఇచ్చారు. ఆ తర్వాత కొన్ని వారాలకే జరిగిన డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో జస్టిన్ ఫీల్డ్స్ అందుబాటులో ఉన్నా వదిలేసి, డిఫెన్స్‌లో ఆడే కార్నర్‌బ్యాక్ జేసీ హార్న్‌ని తీసుకున్నారు. (హార్న్ మంచి ఆటగాడిగానే నిలబడ్డాడు, ఆ ఎంపికని తప్పుపట్టలేం.) 2022లో బేకర్ మేఫీల్డ్‌ని తెచ్చారు, డిసెంబర్ నాటికి వదిలేశారు. యజమాని డేవిడ్ టెప్పర్ 2018లో దాదాపు 230 కోట్ల డాలర్లు పోసి జట్టుని కొన్నాడు. నాలుగేళ్లు గడిచినా క్వార్టర్‌బ్యాక్ దొరకలేదు. ఏటా ఒకడిని మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు ఈసారి ఎంతైనా సరే, సొంతంగా ఒకణ్ణి పెంచుకుందాం అనుకోవడంలో వింత లేదు.

ఆ ఎంతైనా సరే అన్నది చివరికి ఎంత అయిందో చూడండి. 2023 మార్చిలో మొదటి ఎంపిక హక్కు షికాగో బేర్స్ దగ్గర ఉంది. దానికోసం పాంథర్స్ ఇచ్చింది: ఆ ఏడాది తొమ్మిదో ఎంపిక, 61వ ఎంపిక, 2024 ఫస్ట్ రౌండ్ హక్కు, 2025 సెకండ్ రౌండ్ హక్కు, వీటన్నిటి మీద జట్టులోని అత్యుత్తమ రిసీవర్ (పాసులు పట్టే ఆటగాడు) డి.జె. మూర్.

షికాగో వాటితో ఏం చేసిందన్నది అభిమానులకి ఇప్పటికీ మానని పుండు. తొమ్మిదో ఎంపిక నుంచి ఒక్క మెట్టు దిగి పదో స్థానంలో డార్నెల్ రైట్ అనే బలమైన లైన్‌మన్‌ని తీసుకుంది. మూర్ మొదటి ఏడాదే అక్కడ 1,364 గజాలు పట్టాడు. 2025 హక్కు 39వ ఎంపికగా మారి లూథర్ బర్డెన్ అనే రిసీవర్ని తెచ్చింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ 2024 హక్కు. పాంథర్స్ 2023లో 2 గెలిచి 15 ఓడి లీగ్‌లో అట్టడుగున నిలిచారు కాబట్టి ఆ హక్కు ఏకంగా మొదటి ఎంపికై కూర్చుంది. దాంతో షికాగో కేలబ్ విలియమ్స్‌ని తీసుకుంది. ఒక జట్టు తన క్వార్టర్‌బ్యాక్ కోసం కట్టిన ధరతో పక్క జట్టు ఏడాది తిరిగేసరికి తన క్వార్టర్‌బ్యాక్‌ని సంపాదించుకుంది. 2025లో అదే షికాగో 11-6తో తన డివిజన్ (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) గెలిచింది.

ఇక స్ట్రౌడ్ సంగతి. యంగ్ తర్వాత రెండో ఎంపికగా హ్యూస్టన్ టెక్సన్స్ తీసుకున్న సి.జె. స్ట్రౌడ్ తొలి సీజన్‌లోనే 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లతో అదరగొట్టాడు. అంతకుముందు ఏడాది మూడే గెలిచిన హ్యూస్టన్ ఆ ఏడాది పది గెలిచింది. యంగ్ లెక్క 2,877 గజాలు, 11 టచ్‌డౌన్లు, 10 ఇంటర్‌సెప్షన్లు. అతన్ని 62 సార్లు కింద పడేశారు. ఇంకేం, పొట్టివాణ్ణి తీసుకుని అసలువాణ్ణి వదిలేశారు అన్న మాట స్థిరపడిపోయింది. యంగ్ ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. ఈ లీగ్‌లో అది క్వార్టర్‌బ్యాక్‌కి బాగా తక్కువ, కాబట్టి ఆ అనుమానం మొదటి రోజు నుంచే ఉంది. ఈ ఇద్దరూ ఆ ఏడాది ఎదురెదురుగా పడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో, అక్టోబర్ 29న, ఆఖరి క్షణంలో బంతిని తన్ని సాధించిన ఫీల్డ్ గోల్‌తో పాంథర్స్ 15-13తో నెగ్గారు. యంగ్‌కి లీగ్‌లో అదే మొదటి గెలుపు. దాన్ని ఇప్పుడెవరూ తలుచుకోరు.

ఇక్కడ నా మొదటి అభిప్రాయం చెప్తాను. ఆ బేరం చెడ్డ బేరమే. అయితే అందరూ చెప్పే కారణంతో కాదు.

యంగ్‌ని ఎంచుకోవడం అప్పటి సమాచారం ప్రకారం పిచ్చి నిర్ణయం కాదు. అలబామా యూనివర్సిటీ తరఫున 2021లో, కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాడు. పరుగెత్తే మనుషుల మధ్యలో తొణక్కుండా నిలబడి మూడో ఆప్షన్‌ని వెతికి పట్టుకునేవాడు. మొదటి స్థానంలో ఇంకే జట్టు ఉన్నా అతన్నే తీసుకునేదని అప్పట్లో చాలామంది నమ్మారు. స్ట్రౌడ్‌కి ఒక మానసిక పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయన్న లీకు అప్పుడే వార్తల్లో నలిగింది. ఈ రోజు స్ట్రౌడ్‌ని చూసి అప్పటివాళ్లని తిట్టడం పరీక్ష అయ్యాక కీ చూసుకుని మార్కులు వేసుకున్నట్టే. పైగా ఆ స్ట్రౌడ్ కథ కూడా సాఫీగా సాగలేదు. 2024లో అంకెలు పడిపోయాయి. 2025 సీజన్ ప్లేఆఫ్స్‌లో న్యూ ఇంగ్లండ్ మీద మొదటి సగంలోనే నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నదానికి 2023 డిసెంబర్‌లో అందరి దగ్గరా ఉన్న జవాబు ఇప్పుడంత గట్టిగా లేదు.

డ్రాఫ్ట్ మీద ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ చేసిన పని ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు ఆటగాళ్లు వరుసగా ఎంపికైతే, ముందు ఎంపికైనవాడు తర్వాతివాడి కంటే మెరుగ్గా నిలబడే అవకాశం 52 శాతమేనని వాళ్లు లెక్కగట్టారు. అంటే బొమ్మా బొరుసు కంటే కాస్త నయం, అంతే. తమ కన్ను అందరి కన్ను కంటే గొప్పదని ప్రతి జట్టూ నమ్మి పైమెట్టు ఎక్కడానికి విపరీతమైన ధర కడుతుందని వాళ్లు తేల్చారు. పాంథర్స్ చేసింది సరిగ్గా అదే. తప్పు యంగ్ పేరు చెప్పడంలో లేదు. ఒకే ఒక్కడి మీద అంత రూఢిగా ఉండి, ఆ రూఢికి నాలుగు హక్కులు, ఒక రిసీవరు ధారపోయడంలో ఉంది.

అందులోనూ నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మూర్‌ని ఇచ్చేయడం. హక్కులు ఇస్తే భవిష్యత్తు తాకట్టు పెట్టినట్టు, అది కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ కొత్త కుర్రాడికి బంతి పట్టే మనిషినే ఇచ్చేసి కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. అంతకు ఐదు నెలల ముందే బంతితో పరుగెత్తే స్టార్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీని శాన్‌ఫ్రాన్సిస్కోకి పంపేశారు. దాంతో 2023లో యంగ్‌కి నమ్మదగిన రిసీవర్ అంటే 33 ఏళ్ల ఆడమ్ థీలెన్ ఒక్కడే మిగిలాడు. సెకండ్ రౌండ్‌లో తీసుకున్న జోనథన్ మింగో నిలదొక్కుకోలేక ఏడాదిన్నరకే జట్టు మారాడు. ముందు వరసలో గార్డులు (అడ్డుగోడ నడిమికి రెండు పక్కలా నిలబడే లైన్‌మెన్) గాయాలతో ఒకరి తర్వాత ఒకరు పోయారు. అడ్డుగోడ మధ్యలో కూలితే పొట్టి క్వార్టర్‌బ్యాక్‌కి మరీ కష్టం. చూపు అడ్డం పడుతుంది, ముందుకు అడుగేసి విసిరే చోటుండదు. కోచ్ ఫ్రాంక్ రైక్‌ని పదకొండు మ్యాచ్‌లకే, నవంబర్‌లో పంపేశారు. ఆ సీజన్ మధ్యలో ఎత్తుగడలు పిలిచే బాధ్యత ఒకరి చేతిలోంచి ఇంకొకరికి, మళ్లీ మొదటివారికి మారింది. సీజన్ ముగియగానే జనరల్ మేనేజర్ స్కాట్ ఫిట్టరర్‌ని కూడా తీసేశారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక్క ఏడాదిలో నేర్చుకోవాల్సిన ఆటకి గురువులే మారిపోయారు.

2024లో కొత్త మేనేజర్ డ్యాన్ మోర్గన్, కొత్త కోచ్ డేవ్ కనాలెస్ మొదట చేసిన పని ఆ అడ్డుగోడని బాగుచేయడం. ఐదేళ్లకు 10 కోట్ల డాలర్లతో రాబర్ట్ హంట్‌ని, నాలుగేళ్లకు 5.3 కోట్లతో డామియన్ లూయిస్‌ని తెచ్చి గార్డులుగా నిలబెట్టారు. అయినా మొదటి రెండు మ్యాచ్‌లు దారుణంగా పోయాయి: న్యూ ఆర్లీన్స్ చేతిలో 47-10, లాస్ ఏంజెలెస్ చార్జర్స్ చేతిలో 26-3. వెంటనే యంగ్‌ని కూర్చోబెట్టి ఆండీ డాల్టన్‌ని దింపారు. ఏడాదిన్నర కిందట మొదటి ఎంపికగా వచ్చినవాణ్ణి రెండు మ్యాచ్‌లకే బెంచి మీద కూర్చోబెట్టడం ఈ లీగ్‌లో చాలా అరుదు. అక్కడితో అతని కథ అయిపోయిందనే అందరూ రాశారు.

కథ మళ్లీ మొదలైంది కూడా కోచింగ్ తెలివితో కాదు. అక్టోబర్‌లో డాల్టన్‌కి కారు ప్రమాదంలో బొటనవేలు బెణికింది. వేరే దారిలేక డెన్వర్ మ్యాచ్‌కి యంగ్‌ని దింపారు. అప్పటి నుంచి కనిపించిన ఆటగాడు వేరు. కాళ్లు తొందరపడటం తగ్గింది. మొదటి మనిషి దొరక్కపోతే కంగారుగా పరుగెత్తడం మానేసి, ఒక అడుగు పక్కకి జరిగి, లోతుగా విసరడానికి సాహసించాడు. కాన్సస్ సిటీ మీద నవంబర్‌లో ఆఖరి నిమిషం వరకు పోరాడి 30-27తో ఓడారు. సీజన్ చివరి రోజున అట్లాంటాని 44-38తో ఓవర్‌టైమ్‌లో కొట్టారు. ఆ బెంచి కాలం అతనికి మేలు చేసిందా, లేక అడ్డుగోడ కుదురుకోవడం వల్ల వచ్చిన మార్పా? రెండూ ఉన్నాయి. నేనైతే అడ్డుగోడకే పెద్ద వాటా ఇస్తాను, ఎందుకంటే శాకులు మొదటి ఏడాదితో పోలిస్తే సగానికి పడిపోయాయి.

2025లో ఎనిమిదో ఎంపికగా టెటైరోవా మెక్‌మిలన్ వచ్చాడు. మూర్ వెళ్లాక మొదటిసారి యంగ్‌కి నికార్సైన నంబర్ వన్ రిసీవర్ దొరికాడు. మొదటి ఏడాదే అతను 1,000 గజాలు దాటాడు. యంగ్ 23 టచ్‌డౌన్లు, 11 ఇంటర్‌సెప్షన్లు, 3,011 గజాలతో సీజన్ ముగించాడు. జట్టు 2017 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేరింది. షార్లెట్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో చివరి నిమిషం దాకా ఆధిక్యంలో ఉండి రామ్స్ చేతిలో 34-31తో ఓడింది.

ఇక్కడ అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు కొన్ని చేదు నిజాలు దాటేస్తున్నారు. జట్టు డివిజన్ గెలిచింది 8-9తో. టాంపా బే, అట్లాంటా కూడా అదే 8-9తో ఉంటే టైబ్రేకర్ల లెక్కలో కరోలినా పైకొచ్చింది. సీజన్ మొత్తం మీద వేసిన పాయింట్ల కంటే ఇచ్చిన పాయింట్లే ఎక్కువ. 16 మ్యాచ్‌ల్లో 3,011 గజాలంటే మ్యాచ్‌కి 190 గజాలు కూడా పడలేదు. ఆ 448 గజాల రోజుని పక్కన పెడితే సగటు ఇంకా కిందికి దిగుతుంది. ఆఖరి క్షణాల్లో అతను గుండెనిబ్బరంతో ఆడతాడన్నది నిజం, నేను చూసి ఆనందించిందే. కానీ ప్రతి వారం మ్యాచ్ ఆఖరి క్షణం దాకా ఎందుకు వస్తోందో కూడా అడగాలి కదా. మొదటి మూడు క్వార్టర్లలో పాయింట్లు రాకపోవడం వల్లే ఆ నాటకీయత వస్తోంది.

అసలు నిర్ణయం డబ్బుది. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో వచ్చిన ఒప్పందం తర్వాత కొత్త ఆటగాళ్ల జీతాలు ఎంపిక స్థానాన్ని బట్టి ముందే ఖరారవుతున్నాయి. యంగ్ నాలుగేళ్ల మొదటి కాంట్రాక్ట్ విలువ సుమారు 3.8 కోట్ల డాలర్లు. దీన్ని డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఏటా తీసుకునే 6 కోట్లతో పోల్చండి. ఒక్కో జట్టు మొత్తం జీతాల మీద పరిమితి ఉంటుంది, 2025లో అది 27.92 కోట్లు. క్వార్టర్‌బ్యాక్ చౌకగా ఉన్న నాలుగేళ్లలోనే మిగతా డబ్బుతో చుట్టూ జట్టు కట్టుకోవాలి. పాంథర్స్ ఆ నాలుగేళ్లలో మొదటిది పూర్తిగా, రెండోదాంట్లో సగం వృథా చేసుకున్నారు. నా లెక్కలో ఆ బేరానికి కట్టిన అసలైన వడ్డీ అదే.

ఫస్ట్ రౌండ్ ఆటగాడికి మూడో సీజన్ ముగిశాక మే నెల మొదట్లోగా ఐదో ఏడాది ఆప్షన్ (కాంట్రాక్ట్‌ని ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) వాడుకోవాలా వద్దా జట్టు తేల్చాలి. వాడుకుంటే ఆ ఏడాది జీతానికి పూర్తి గ్యారంటీ. యంగ్ విషయంలో అది 2027 సీజన్‌కి. ఆ తర్వాత కూడా కావాలనుకుంటే ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే ఇంకో ఏడాది తాళం ఉంది. కాబట్టి జట్టు చేతిలో సమయం ఉంది. గొడవ అంతా ఆప్షన్ దగ్గర ఆగకుండా, ఇప్పుడే నాలుగైదేళ్లకి పెద్ద కాంట్రాక్ట్ రాసేయాలా అన్నదాని మీద.

రెండు వైపులా భయాలకి ఆధారాలున్నాయి. న్యూయార్క్ జెయింట్స్ డేనియల్ జోన్స్ ఆప్షన్‌ని వద్దన్నారు. 2022లో అతను బాగా ఆడి ఒక ప్లేఆఫ్ మ్యాచ్ గెలిపించేసరికి 2023 మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2024 నవంబర్‌లో వదిలేశారు. ఒక్క సీజన్ చూసి చెక్కు రాస్తే ఏమవుతుందో అది చెప్తుంది. రెండో వైపు భయం పాంథర్స్‌కి సొంత ఇంట్లో జరిగింది. 2022లో వాళ్ల జట్టులో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌లలో ఇద్దరు, మేఫీల్డ్, డార్నాల్డ్, పనికిరారని అనిపించుకుని వెళ్లినవాళ్లే. మేఫీల్డ్ అదే డివిజన్‌లోని టాంపా బేకి వెళ్లి రెండేళ్లు వరుసగా డివిజన్ గెలిపించాడు, ఆ రెండు గెలుపుల మధ్యలోనే 10 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ తెచ్చుకున్నాడు. డార్నాల్డ్ 2025 సీజన్‌లో సియాటిల్‌కి సూపర్ బౌల్ సాధించిపెట్టాడు. వాళ్లు మారిపోయారా, చుట్టూ ఉన్న జట్టు మారిందా? రెండోదే ఎక్కువని నా నమ్మకం. అందుకే ఇంకో కుర్రాణ్ణి తొందరపడి వదిలేయడమంటే షార్లెట్ అభిమానుల్లో చాలామందికి గుండెల్లో రాయి పడినట్టుంటుంది.

ఇప్పుడు మొదట చెప్పిన ముడి దగ్గరికి వద్దాం. పదేళ్ల కిందట ఊరి చివర స్థలం రెట్టింపు ధర పెట్టి కొన్నామనుకోండి. ఇప్పుడు దాని మీద ఇల్లు కట్టాలా, అమ్మేయాలా అన్నది ఈనాటి రోడ్డు, నీళ్లు, ఈనాటి రేటు చూసి తేల్చుకోవాలి గానీ, అప్పట్లో మోసపోయామన్న కోపంతోనూ, అంత పోశాం కదా అన్న పంతంతోనూ కాదు. యంగ్ మీద వ్యతిరేకత ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ కోపంతో మాట్లాడుతున్నారు. అతను ఏం చేసినా కేలబ్ విలియమ్స్ బాకీ తీరదు, ఎందుకంటే ఆ బాకీ అతనిది కాదు, ఆ సంతకాలు పెట్టినవాళ్లది. అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లలో కొందరు పంతంతో మాట్లాడుతున్నారు. అంత ఇచ్చి తెచ్చుకున్నవాణ్ణి ఎలా వదులుతాం అనేది కారణం కాదు. షికాగోకి ఇచ్చినవి యంగ్ ఉన్నా తిరిగి రావు, పోయినా తిరిగి రావు.

అవన్నీ తీసేస్తే మిగిలేది ఈ ఆటగాడు: 2001లో పుట్టినవాడు, ఏటేటా మెరుగవుతున్నవాడు, ఒత్తిడిలో బాగా ఆడేవాడు, సాధారణ ఆదివారాల్లో ఇంకా సగటు కంటే కిందే ఉన్నవాడు. అలాంటివాడికి నేనైతే ఐదో ఏడాది ఆప్షన్ ఇచ్చేస్తాను. నాలుగైదేళ్ల కాంట్రాక్ట్ మాత్రం 2026 సీజన్ అయ్యేదాకా రాయను. ఆ సీజన్‌లో నేను చూసేది గెలుపోటములు కాదు. 2025లో అతని ఒక్కో పాస్‌కి సగటున ఆరు గజాల చిల్లర వచ్చింది. అదే అడ్డుగోడ, అదే మెక్‌మిలన్, అదే కోచ్‌తో అది ఏడు దాటితే డబ్బు రాసిచ్చేయవచ్చు, ఆ ఏడాది ఆలస్యం వల్ల ఇంకో యాభై లక్షలో కోటో ఎక్కువైనా నష్టం లేదు. అక్కడే ఆగితే 2027 డ్రాఫ్ట్‌లో పాంథర్స్ మళ్లీ క్వార్టర్‌బ్యాక్‌ని వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో తమ స్థానంలోనే కూర్చుని, చేతిలో ఉన్న హక్కులు చేతిలోనే పెట్టుకుని ఎంచుకోవాలి.